తీగ లాగితే కదిలే డొంక: గ్రాఫ్ మోడల్‌ను కాపీ చేయడం గురించి

పోయిన వారం నా దగ్గరికి ఒక కోడ్ రివ్యూ వచ్చింది. చిన్న మార్పే, మొత్తం రెండు లైన్లు. ప్రాజెక్ట్ ప్లాన్‌లో ఒక ఫేజ్‌ను ఎంచుకుని కాపీ బటన్ నొక్కితే పక్కనే అలాంటిదే ఇంకో ఫేజ్ రావాలి. మొదటి లైన్లో ఆ ఫేజ్ ఆబ్జెక్ట్ మీద పైథాన్ డీప్‌కాపీ (లింకుల వెంట చేరగలిగినవన్నీ కొత్తగా తయారుచేసే ఫంక్షన్), రెండో లైన్లో పేరు చివర "కాపీ" అన్న మాట తగిలించడం. టెస్టు కూడా ఉంది: అసలు ఫేజ్‌లో ఎన్ని పనులున్నాయో కాపీలోనూ అన్నే ఉండాలి. అది పాసైంది.

"ఇందులో ఏయే లింకులు కాపీ అవుతాయి?" అని రాసినమ్మాయిని అడిగాను. "అన్నీ అవుతాయండీ, డీప్‌కాపీ కదా" అంది. "అన్నీ అవ్వాలంటారా?" అన్నాను. కాసేపాగి, "కాపీ అంటే కాపీయే కదండీ, అందులో మళ్లీ రకాలేముంటాయి?" అంది. ఆ అమ్మాయి అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. జవాబు రాద్దామని కూర్చున్నాను. రివ్యూ కామెంట్ పెట్టెలో నాలుగు పేరాలు దాటాక అదంతా చెరిపేసి ఇక్కడికి వచ్చాను.

నేను చెప్పాలనుకున్నది ఇది. గ్రాఫ్ మోడల్‌ను, అంటే నోడ్‌లుగా, వాటి మధ్య గీతలుగా కట్టిన డేటాను, ఎలా కాపీ చేయాలన్నది కాపీ బటన్ పెట్టే రోజున తేలే విషయం కాదు. మోడల్ కడుతూ, ఈ నోడ్ నుంచి ఆ నోడ్‌కి గీత గీసే రోజునే తేలిపోవాలి. గీసినప్పుడు ఆలోచించకపోతే, ఆ తర్వాత ఏ లైబ్రరీలో ఎంత మంచి కాపీ ఫంక్షన్ ఉన్నా అది మన బదులు ఊహించి ఏదో ఒకటి చేస్తుంది. ఆ ఊహ తప్పినప్పుడు ఎర్రర్ కూడా రాదు.

ఒక క్యాలెండర్, ఒక మనిషి

ఇలాంటి ప్లానింగ్ అప్లికేషన్ మీద నేను అంతకుముందు ఇంకో టీమ్‌లో ఉన్నప్పుడు కూడా పనిచేశాను. మోడల్ దాదాపు ఇదే. ఫేజ్ లోపల పనులుంటాయి. ఒక్కో పనికీ చేసే మనిషి ఉంటారు, అంతకుముందు పూర్తవ్వాల్సిన పనులుంటాయి, ఏ రోజులు పని దినాలో చెప్పే క్యాలెండర్ ఉంటుంది. వెనక్కి వెళ్లే గీతలూ ఉన్నాయి: పని తన ఫేజ్‌ను చూపిస్తుంది, ఫేజ్ తన ప్రాజెక్ట్‌ను, ప్రాజెక్ట్ తన సంస్థను.

మేం మొదట రాసిన కాపీ పైపైది. కొత్త ఫేజ్, కొత్త పనులు, మిగతావన్నీ పాతవే. వాడేవాళ్లలో ఒక మేనేజర్ ఫేజ్‌ను కాపీ చేసుకుని, ఆ కాపీలో క్యాలెండర్ తెరిచి ఒక వారం మొత్తం సెలవుగా పెట్టారు. అప్పటికే నడుస్తున్న అసలు ఫేజ్ గడువు కూడా చప్పుడు లేకుండా ఇంకో వారం దూరం జరిగిపోయింది. క్యాలెండర్ ఒక్కటే, దాన్ని రెండు ఫేజ్‌లూ చూస్తున్నాయి మరి. ఆ సంగతి నాలుగు రోజుల తర్వాత బయటపడింది. అప్పటికే వాళ్లు తమ క్లయింట్‌కి కొత్త తేదీ చెప్పేశారు. ఆ ఫోన్ కాల్‌లో నేనూ ఉన్నాను. ఆయన కోప్పడలేదు. "నేను ముట్టుకోనిది మారితే ఇక దేన్ని నమ్మాలి?" అని మాత్రం అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ టెన్షన్‌లో మేం రెండో చివరికి వెళ్లిపోయాం. డీప్‌కాపీ పెట్టేశాం, ఇక ఏదీ ఉమ్మడిగా ఉండదని. క్యాలెండర్ సమస్య పోయింది. నెల తిరక్కుండానే పనిభారం రిపోర్ట్‌లో ఒకే మనిషి పేరు రెండు వరసల్లో కనిపించింది. ఒక వరసలో వంద శాతం పని, ఇంకో వరసలో ఎనభై శాతం. విడివిడిగా చూస్తే ఎవరి మీదా భారం ఎక్కువ లేదు, అందుకే ఎర్ర రంగు రాలేదు. నిజానికి అది ఒక్క మనిషే, నెత్తిన నూట ఎనభై శాతం పని. ఆ రిపోర్ట్ పెట్టిందే సరిగ్గా అలాంటిదాన్ని పట్టుకోవడానికి.

అదే మోడల్, అదే కాపీ బటన్. క్యాలెండర్‌ను పంచుకోవడం తప్పయింది, మనిషిని పంచుకోకపోవడం తప్పయింది. లోతు లేని కాపీ మంచిదా, లోతైన కాపీ మంచిదా అని ఎంతసేపు వాదించుకున్నా ఈ రెండిట్లో ఒకటే సరవుతుంది. రెండూ ఒకేసారి సరవ్వాలంటే పని నుంచి క్యాలెండర్‌కి వెళ్లే గీత వేరు, పని నుంచి మనిషికి వెళ్లే గీత వేరు అని ఎవరో ఒకరు మోడల్‌కి చెప్పి ఉండాలి. మా మోడల్లో రెండూ ఉత్త రిఫరెన్సులే. చూడ్డానికి తేడా లేదు.

ఎక్కడ ఆగాలి

చెట్టులాంటి డేటాకి ఈ బాధ లేదు. కొమ్మ కోస్తే ఆ కొమ్మకున్న రెమ్మలు, ఆకులు వస్తాయి, పక్క కొమ్మ రాదు. గ్రాఫ్‌లో "ఇది" అని వేలు పెట్టి చూపించిన దానికి సహజమైన హద్దు ఉండదు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. మా డీప్‌కాపీ అచ్చంగా అదే చేసింది. పన్నెండు పనులున్న ఫేజ్‌ను కాపీ చేయమంటే, పని నుంచి ఫేజ్‌కి, ఫేజ్ నుంచి ప్రాజెక్ట్‌కి, అక్కణ్ణుంచి సంస్థకి, సంస్థ నుంచి దాని మిగతా ప్రాజెక్టులన్నిటికీ పాకిపోయింది. మనిషి రెండుసార్లు తయారవ్వడానికి ఆ దారి కూడా ఒకటి. పెద్ద సంస్థల దగ్గర కాపీ బటన్ నిమిషాల కొద్దీ తిరుగుతోందని ఫిర్యాదులు వచ్చాకే మాకు ఇది తెలిసింది.

డీప్‌కాపీ లోపల ఏం జరుగుతుందో చూస్తే తప్పు దానిది కాదని అర్థమవుతుంది. అది ఒక పట్టిక పెట్టుకుంటుంది: ఫలానా పాత ఆబ్జెక్ట్‌కి ఫలానా కొత్తది తయారైంది అని. మళ్లీ అదే పాతది ఎదురైతే పట్టికలో చూసి ఆ కొత్తదాన్నే ఇస్తుంది. దానివల్ల చక్రాలున్నా, అంటే గీతల వెంట వెళ్తే మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చినా, అంతులేకుండా తిరగదు, అసలులో ఇద్దరు పంచుకున్నదాన్ని కాపీలోనూ ఇద్దరూ పంచుకుంటారు. ఈ ఉపాయం పాతదే. 1970లో చేనీ ప్రచురించిన చెత్త ఏరివేత (గార్బేజ్ కలెక్షన్, అంటే ఇక వాడని మెమరీని ఖాళీ చేయడం) పద్ధతిలోనూ ఇదే ఉంది: ఆబ్జెక్ట్‌ను కొత్త చోటికి మార్చాక పాత చోట కొత్త చిరునామా రాసి వెళ్తుంది, తర్వాత అక్కడికి వచ్చినవాళ్లు ఆ చిరునామా పట్టుకుని వెళ్తారు.

అయితే చెత్త ఏరేదానికి ఎక్కడ ఆగాలన్న ప్రశ్న లేదు. చేరగలిగినవన్నీ బతకాలి, చేరలేనివన్నీ పోవాలి, దాని పనే అది. మనకు కావాల్సింది చేరగలిగినవన్నీ కాదు, "ఈ ఫేజ్". చేరగలగడం ఒకటి, దాని సొంతమవ్వడం ఇంకొకటి. డీప్‌కాపీకి మొదటిదే తెలుసు, ఎందుకంటే మనం రెండోది ఎక్కడా రాయలేదు. జావాస్క్రిప్ట్‌లోనూ కథ ఇదే. జేసన్ అనే వచన రూపంలోకి మార్చి తిరిగి చదివే పాత పద్ధతి చక్రం కనబడగానే ఎర్రర్ ఇచ్చేది. 2022 నాటికి ముఖ్యమైన బ్రౌజర్లన్నిటికీ వచ్చిన స్ట్రక్చర్డ్‌క్లోన్ అనే కాపీ ఫంక్షన్ చక్రాలను చక్కగా దాటుతుంది. డొంకను మాత్రం అదీ మొత్తంగా లాక్కొస్తుంది. నిజం చెప్పాలంటే ఈ విషయంలో పాతదే నయమనిపిస్తుంది నాకు, కనీసం ఆగి అరిచేది.

గీసేటప్పుడే అడిగే లైబ్రరీ

ఈ విషయంలో నాకు బాగా నచ్చినది ఎక్లిప్స్ వాళ్ల మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్, ఈఎమ్ఎఫ్. ఇప్పుడు దాన్ని పాతకాలపు సరుకు అనేవాళ్లున్నారు. కానీ దాంట్లో మోడల్ రాస్తున్నప్పుడు ఒక్కో రిఫరెన్స్ దగ్గరా ఒక విషయం చెప్పాల్సి వస్తుంది: ఇది లోపల పెట్టుకునేదా, ఊరికే చూపించేదా? లోపల పెట్టుకునేదని చెబితే దానికి పర్యవసానాలున్నాయి. ఒక ఆబ్జెక్ట్ ఒకేసారి ఒక్కదాని లోపలే ఉండగలదు. ఇంకోదాంట్లో పెడితే మొదటిదాంట్లోంచి తనంతట తనే తొలగిపోతుంది. మొదట్లో ఇది చాదస్తమనిపించింది. కాపీ దగ్గరికి వచ్చాక దాని విలువ తెలిసింది.

అక్కడ కాపీ రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి విడతలో లోపల పెట్టుకున్నవాటి వెంటే దిగుతూ కొత్తవి తయారుచేసి, పాతదానికి కొత్తదేదో పట్టికలో రాసుకుంటుంది. రెండో విడతలో చూపించే గీతలను సరిచేస్తుంది. గీత అవతలి కొస పట్టికలో ఉంటే కొత్తదానికి కలుపుతుంది, లేకపోతే అసలుదానికే కలుపుతుంది. అంటే ఫేజ్‌ను కాపీ చేస్తే పనులు కొత్తవి వస్తాయి, ఫేజ్ లోపల పనికీ పనికీ మధ్య ఉన్న గీతలు కొత్త పనుల మధ్యకు మారతాయి, మనిషి వైపు వెళ్లేవి పాత మనిషి దగ్గరే ఉంటాయి. మేం నెలల తరబడి తడుముకున్నదంతా, మోడల్ సరిగ్గా రాస్తే దానంతట అదే వచ్చేది.

ఇంకో చిన్న నియమం ఉంది, అది నాకు ఇంకా నచ్చింది. గీత రెండు వైపులా ఉండేదైతే, అంటే పని మనిషిని చూపిస్తూ, మనిషి తన పనుల జాబితాలో ఆ పనిని చూపిస్తూ ఉంటే, అవతలి కొస కాపీలో లేనప్పుడు ఈఎమ్ఎఫ్ ఆ గీతను కలపదు, ఖాళీగా వదిలేస్తుంది. ఎందుకంటే కలిపితే మనిషి జాబితాలో కొత్త పని చేరుతుంది, అంటే కాపీ తీయడం వల్ల అసలు మారుతుంది. మా అవసరానికి ఆ గీత కావాల్సిందే, చేత్తో రాసుకోవాలి. అయినా ఏమీ తెలియనప్పుడు అసలును ముట్టుకోని వైపే మొగ్గడం సరైనదని నా నమ్మకం. "నేను ముట్టుకోనిది మారితే" అన్న మనిషి గొంతు అప్పుడు గుర్తొస్తుంది.

అలాగని ఈఎమ్ఎఫ్‌లో తప్పు చేయడం కుదరదని కాదు. నేనే చేశాను. ఎంచుకున్న కొన్ని పనులను మాత్రమే కాపీ చేయాల్సి వచ్చి, లూప్ పెట్టి ఒక్కోదాన్నీ విడిగా కాపీ చేశాను. ఒక్కో కాపీకీ విడి పట్టిక. దాంతో రెండో పనిని కాపీ చేసేటప్పటికి మొదటి పనికి కొత్తది ఉందని దానికి తెలియదు, గీత పాత పనికే పోయింది. చార్ట్ తెరిస్తే కొత్త పనుల నుంచి బాణాలన్నీ స్క్రీన్ అడ్డంగా వెనక్కి సాగి పాత పనులకు తగిలాయి. మొత్తం జాబితాను ఒకేసారి కాపీ చేసే ఫంక్షన్ అక్కడే ఉంది, దాన్ని వాడాల్సింది. పైథాన్‌లోనూ ఇంతే: జాబితాకి ఒక డీప్‌కాపీ వేరు, జాబితాలో ఒక్కోదానికీ ఒక డీప్‌కాపీ వేరు.

పేరున్నవి, పేరు లేనివి

వెబ్ డేటాను గ్రాఫ్‌గా రాసే ప్రమాణం ఆర్‌డీఎఫ్ వైపు పనిచేసేవాళ్లు నా మాట విని నవ్వుతారేమో. వాళ్ల గ్రాఫ్ అంటే మూడు ముక్కల (కర్త, సంబంధం, అవతలి కొస) వాక్యాల సమితి. నోడ్‌లకు పేర్లుంటాయి. ఒక మోడల్‌ను ఇంకోదాంట్లోకి కాపీ చేయడమంటే వాక్యాలను కలపడమే, రెండుసార్లు కలిపినా ఒకసారి కలిపినట్టే. పాయింటర్ల (మెమరీలో ఆబ్జెక్ట్ ఉన్న చోటును చూపే చిరునామాల) గొడవే లేదు. ఇది విన్నప్పుడు నాకు చాలా హాయిగా అనిపించింది. తర్వాత ఆర్‌డీఎఫ్ కోసం ఉన్న జావా లైబ్రరీ అపాచే జెనా వాడుతూ రెండు చోట్ల దెబ్బతిన్నాను.

మొదటిది: జెనాలో ఒక రిసోర్స్, అంటే ఒక నోడ్, చేతికి వచ్చిందంటే అది ఏ మోడల్లోంచి వచ్చిందో దాన్ని గుర్తుపెట్టుకునే ఉంటుంది. నేను మోడల్‌లోని వాక్యాలన్నీ కొత్త మోడల్లోకి వేసి, నా చేతిలో ఉన్న రిసోర్స్ మీదే కొత్త ప్రాపర్టీ చేర్చాను. అది పాత మోడల్లోకి వెళ్లింది. కాపీలో ఎంత వెతికినా కనిపించదు, అసలులో మాత్రం ఉండకూడనిది ఉంది. ఆ రిసోర్స్‌ను కొత్త మోడల్ వైపు నుంచి మళ్లీ తీసుకోవాలి, దానికి మెథడ్ ఉంది. పేరు ఒకటే అయినా చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ ఏ ఇంటిదో తెలుసుకోవాల్సిందే.

రెండోది పేరు లేని నోడ్‌లు, అంటే బ్లాంక్ నోడ్‌లు. మెమరీలో ఒక మోడల్ నుంచి ఇంకోదానికి వేస్తే అవి అవిగానే వెళ్తాయి. అదే ఫైల్‌గా రాసి మళ్లీ చదివితే, చదివిన ప్రతిసారీ కొత్త నోడ్‌లు పుడతాయి. ఒకే ఫైల్‌ను ఒకే మోడల్లోకి రెండుసార్లు చదివితే పేరున్న వాక్యాలు ఒక్కసారే ఉంటాయి, పేరు లేని నోడ్‌లు మాత్రం రెండేసి అవుతాయి. రెండు గ్రాఫ్‌లు ఒకటేనా అని పోల్చడం కూడా అప్పుడు మామూలు సమానత్వంతో తేలదు, ఆకారాలు సరిపోతున్నాయా అని చూడాలి. ఆ చిక్కు విప్పడానికి గ్రాఫ్‌ను ఒకే నిర్ణీత రూపంలోకి తెచ్చే పద్ధతిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ప్రకటించింది 2024లో. ఆర్‌డీఎఫ్ 1999 నుంచి ఉందని గుర్తుంచుకుంటే, ఈ పీటముడి ఎంత గట్టిదో తెలుస్తుంది.

అయినా నా వాదనకి బలమిచ్చింది కూడా ఆర్‌డీఎఫ్ వాళ్లే. "ఈ నోడ్ గురించిన వివరం" అంటే ఎంతవరకు అన్న ప్రశ్నకి 2005లోనే డబ్ల్యూ3సీకి సమర్పించిన ఒక నిర్వచనం ఉంది: ఆ నోడ్ కర్తగా ఉన్న వాక్యాలన్నీ తీసుకో, అవతలి కొసన పేరు లేని నోడ్ ఉంటే దాని వాక్యాలు కూడా తీసుకో, పేరున్న నోడ్ ఎదురైతే ఆగిపో. చూడండి, ఈఎమ్ఎఫ్‌లో లోపల పెట్టుకోవడం చేసే పనే ఇక్కడ పేరు లేకపోవడం చేస్తోంది. పేరు లేనిది ఎవరిదో ఒకరిది. పేరున్నది అందరిది. మోడల్ కట్టేటప్పుడు ఒక నోడ్‌కి పేరు పెట్టాలా వద్దా అన్న నిర్ణయమే రేపు కాపీ ఎక్కడ ఆగాలో చెబుతుంది. చాలామంది పేరు పెట్టేటప్పుడు ఇది ఆలోచించరు, నేనూ ఆలోచించేవాణ్ణి కాదు.

పైథాన్‌లో గ్రాఫ్‌ల లైబ్రరీ నెట్‌వర్క్‌ఎక్స్ గురించి ఒక్క మాట. దాని డాక్యుమెంటేషన్‌లో కాపీ పేజీ చదవదగ్గది. కాపీల్లో ఎన్ని రకాలున్నాయో, ఏది కావాలంటే ఏం రాయాలో విడమరిచి చెప్పారు. మామూలుగా కాపీ అని పిలిస్తే నోడ్‌ల, ఎడ్జ్‌ల (గీతల) గుణాల డిక్షనరీలు కొత్తవి వస్తాయి, వాటి లోపలి లిస్టులు మాత్రం ఉమ్మడివే. కాపీలో ఒక గుణానికి కొత్త విలువ ఇస్తే అసలు మారదు. అదే గుణంలో ఉన్న లిస్టుకి ఇంకో ముక్క చేరిస్తే రెండిట్లోనూ కనిపిస్తుంది. ఒకటో వెర్షన్లలో ఇదే పేరుతో పూర్తి డీప్‌కాపీ వచ్చేది, రెండో వెర్షన్‌లో మార్చారు. మార్చడానికి కారణాలుండొచ్చు, వేగం చిన్న విషయం కాదు. కానీ పేరు అదే ఉండి అర్థం మారిందంటే, ఆ పేరు దేన్నీ సరిగ్గా చెప్పడం లేదనే కదా.

నన్ను నేను ప్రశ్నించుకున్నవి

ఇదంతా రాస్తున్నప్పుడు మూడు అనుమానాలు వేధించాయి.

పాయింటర్లే వద్దు, నంబర్లు పెట్టుకుంటే సరిపోతుంది కదా అని ఒకటి. రస్ట్ భాషలో పెట్‌గ్రాఫ్ అనే గ్రాఫ్ లైబ్రరీది ఆ దారే. నోడ్‌లన్నీ ఒక వరసలో, ఎడ్జ్‌లన్నీ ఇంకో వరసలో, ఒకదాన్నొకటి నంబరుతో పిలుచుకుంటాయి. గ్రాఫ్ మొత్తాన్ని కాపీ చేయడమంటే ఆ రెండు వరసలను కాపీ చేయడమే. చక్రాల భయం లేదు, డొంక కదలదు. నేనూ చాలా చోట్ల ఇప్పుడు ఇలాగే రాస్తున్నాను. కానీ గ్రాఫ్ మొత్తం కాక అందులో ఒక భాగం కావాలన్నప్పుడు మళ్లీ మొదటికే వస్తాం: బయటికి వెళ్లే నంబర్లను ఏం చేయాలి? పైగా నంబర్ తను ఏ గ్రాఫ్‌దో చెప్పదు. అసలు గ్రాఫ్ నంబరుతో కాపీలో వెతికితే ఏదో ఒక నోడ్ దొరుకుతుంది. పెట్‌గ్రాఫ్ మామూలు గ్రాఫ్‌లో ఒక నోడ్‌ను తీసేస్తే చివరి నోడ్ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది, దాని నంబర్ మారిపోతుంది. అందుకే నంబర్లు కదలని రకాన్ని విడిగా ఇచ్చారు.

అసలు ఏదీ మార్చకుండా ఉంచితే కాపీ అవసరమే రాదు కదా అన్నది రెండోది. క్యాలెండర్‌ను మార్చలేనిదిగా పెట్టి ఉంటే మా మొదటి గొడవ జరిగేదే కాదు, నిజమే. మనిషి గొడవ మాత్రం జరిగేది. అక్కడ సమస్య విలువ మారడంలో లేదు, ఒక్కరు ఇద్దరవ్వడంలో ఉంది.

మూడోది గట్టిది, దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. గీత గీసే రోజున కాపీ ఎందుకు తీస్తారో ఎలా తెలుస్తుంది? ఫేజ్‌ను నమూనాగా వాడుకోవడానికి కాపీ తీసేవాళ్లకి మనుషులే వద్దు. "ఇలా చేస్తే ఎలా ఉంటుంది" అని ప్రయోగానికి తీసేవాళ్లకి అదే మనుషులు కావాలి, కానీ వాళ్ల జాబితాలు మారకూడదు. ఫలానా తేదీన ప్లాన్ ఇలా ఉండేదని దాచుకోవడానికి తీసేవాళ్లకి ఆ రోజు క్యాలెండర్ ఎలా ఉందో అలాగే గడ్డకట్టి కావాలి. ఒకే గీతకి మూడు అవసరాలు. లోపలిదా, చూపించేదా అన్న ఒక్క గుర్తు వీటన్నిటికీ చాలదు.

చాలదు, ఒప్పుకుంటాను. కానీ ఈ మూడిట్లోనూ మారనిది ఒకటుంది: పనులు ఫేజ్‌వి. ఏ కారణంతో కాపీ తీసినా అవి ఫేజ్‌తోనే వస్తాయి. సొంతం అన్నది మోడల్ గుణం, అది కట్టేటప్పుడే తెలుస్తుంది. మారేదల్లా హద్దు దాటి బయటికి వెళ్లే గీతల సంగతి. దాన్ని కాపీ అడిగేవాళ్లు చెప్పాలి, లైబ్రరీ అడగాలి. గ్రాఫ్ డేటాబేస్ నియోఫోర్‌జే వాళ్ల అపాక్ లైబ్రరీలో ఉపగ్రాఫ్‌ను కాపీ చేసే ప్రొసీజర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఫలానా నోడ్‌ను కాపీ చేయొద్దు, దాని బదులు ఇప్పటికే ఉన్న ఈ నోడ్‌కి గీతలు కలుపు అని జతలుగా చెప్పే వీలుంది. పైగా పాత ఐడీకి కొత్త నోడ్ ఏదో తిరిగి ఇస్తుంది. కాపీ ఫంక్షన్ ఏదైనా సరే కాపీతో పాటు ఈ పట్టికను కూడా చేతికివ్వాలి. డీప్‌కాపీ లోపల అంత శ్రద్ధగా రాసుకున్న పట్టికను మామూలుగా పిలిచినప్పుడు మనకివ్వకుండానే వదిలేస్తుంది. ఆ తర్వాత ఏది దేనికి కాపీయో తెలియాలంటే పేర్లు పోల్చుకుంటూ కూర్చోవాలి.

రివ్యూ ఏమైందంటే

మర్నాడు ఇద్దరం కూర్చున్నాం. మోడల్లో ఫేజ్ నుంచి చేరగలిగే గీతలన్నీ బోర్డు మీద రాశాం. పదకొండు వచ్చాయి. ఒక్కోదాని పక్కనా మూడు మాటల్లో ఒకటి రాయాలని పెట్టుకున్నాం: "సొంతం", "చూపు", "వెనక్కి". సొంతమైతే వెంట దిగాలి. చూపైతే పట్టికలో చూసి కలపాలి. వెనక్కి అయితే అసలు అనుసరించకూడదు, కొత్తదాని యజమానిని బట్టి మళ్లీ గీయాలి. ఎనిమిదింటికి నిమిషం కూడా పట్టలేదు.

క్యాలెండర్ దగ్గర ఆగాం. చివరికి అది ఒక్క గీత కాదని తేలింది. సంస్థ మొత్తానికి ఉండే క్యాలెండర్ ఒకటి, ఈ ఫేజ్‌కి మాత్రమే చేసిన మార్పులు ఒకటి. ఇన్నాళ్లూ రెండిటినీ ఒకే ఆబ్జెక్ట్‌లో కుక్కేశాం. మొదటిది చూపు, రెండోది సొంతం. విడగొట్టగానే కాపీ ప్రశ్న తీరిపోయింది, దాంతో పాటు ఎప్పట్నుంచో తెరిచి ఉన్న ఇంకో బగ్ కూడా మూసేశాం. ఫేజ్ బయట ఉన్న పనుల మీద ఆధారపడే పనులున్నాయి చూశారూ, వాటి గీతలను ఉంచాలా, తెంచాలా అన్నది కాపీ అడిగేవాళ్లే చెప్పాలని ఫంక్షన్‌కి ఒక ఆర్గ్యుమెంట్ పెట్టాం. డిఫాల్ట్ ఇవ్వలేదు. పిలిచేవాళ్లు ఏదో ఒకటి రాసి తీరాలి.

టెస్టు కూడా మారింది. పనుల సంఖ్య పోల్చడం తీసేశాం. ఇప్పుడది కాపీ నుంచి బయల్దేరి చేరగలిగినంత దూరం నడుస్తుంది. "చూపు" అని రాసిన గీత మీదుగా తప్ప ఇంకే దారిలోనైనా అసలు ఆబ్జెక్ట్ ఒక్కటి ఎదురైనా ఫెయిలవుతుంది. అలాగే కాపీ తీయకముందు, తీసిన తర్వాత అసలు ఫేజ్‌ను, దానికి తగిలే మనుషుల జాబితాలను పోలుస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు ఆ రెండు లైన్ల పాత కోడ్ మీదే నడిపాం. మొదటి గీత దగ్గరే ఫెయిలవుతుందనుకున్నాను, ఎక్కడా ఫెయిలవ్వనే లేదు, అది నన్ను ఆశ్చర్యపరిచింది. తర్వాత అర్థమైంది: డీప్‌కాపీ అసలును తాకదు, సంస్థ మొత్తాన్ని ఇంకోసారి తయారుచేసుకుంది, అందుకని దానికి అసలు ఎదురవ్వనే లేదు. అప్పుడు ఆ అమ్మాయే అంది, "అయితే చూపు గీతలకి రెండో కొస అసలుదే అయ్యుండాలని కూడా చూడాలండీ." ఆ షరతు తనే రాసింది. ఈసారి పాత కోడ్ మనిషి దగ్గరికి రాగానే ఫెయిలైంది.

పదకొండో గీత ఇంకా తేలలేదు. పనుల కింద మనుషులు రాసుకునే వ్యాఖ్యలు. అవి పనికి సొంతమని నేనన్నాను, పని చెరిపేస్తే అవీ పోతాయి కాబట్టి. "కానీ కొత్త పని గురించి ఎవరూ ఏమీ అనలేదు కదండీ, పాత మాటలు దాని కింద ఎలా ఉంటాయి?" అని తనంది. సొంతమైనా కాపీకి రాకూడనివి ఉంటాయన్నమాట. మా మూడు మాటల్లో దీనికి చోటు లేదు. బోర్డు మీద ఆ గీత పక్కన ప్రశ్నార్థకం పెట్టి, వాడేవాళ్లలో నలుగురిని అడిగి రమ్మని టికెట్ తెరిచాం. జవాబు వచ్చేదాకా ఆ రివ్యూని ఆపి ఉంచాను.